జోసా (ఐఐటీ, ఎన్ఐటీ సీట్ల కేటాయింపు) మొదటి రౌండ్: ఫ్లోటా, ఫ్రీజా?

అలిపిరి మెట్లు: తిరుపతి ఐఐటీలో మెకానికల్ వచ్చింది. మనసంతా కంప్యూటర్ సైన్స్ మీదే. ఫ్రీజ్ పెట్టి దీంతోనే ఆగిపోవాలా, ఇంకా మంచిదాని కోసం ఫ్లోట్ పెట్టాలా తేలడం లేదు. ఫ్లోట్ పెడితే ఉన్నది కూడా పోతుందని ఒకడు బెదిరిస్తున్నాడు. వాడి ర్యాంకు నాకంటే మూడొందలు ముందు. ఏం చేయాలన్నా?

ఏర్పేడు గేటు: పోదు తమ్ముడూ. లిస్టులో దీనికి పైన పెట్టినవాటిలో ఏదైనా దొరికితేనే మారుతుంది, లేకుంటే ఇదే ఉంటుంది. కానీ మారాక పాతది తిరిగి రాదు. ఏర్పేడులోని ఈ ఐఐటీని వదలనంటే స్లైడ్ పెట్టు: ఇదే కాలేజీలో బ్రాంచి మాత్రమే మారుతుంది. సీటు నిజంగా పోయేది ఫీజు గడువు దాటినా, పత్రాల మీద అడిగిన క్వెరీకి జవాబివ్వకపోయినా. పోర్టల్ పొద్దునా సాయంత్రం తెరిచి చూడు.

గాలిగోపురం: వాడి ర్యాంకుతో నీకేం పని? పోయినేడాది చివరి రౌండు క్లోజింగ్ ర్యాంకు, అంటే ఆ సీటు దొరికిన ఆఖరి ర్యాంకు, చూసుకో. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ వరసల్లో ఉండేది కేటగిరీ ర్యాంకు. దాన్ని కామన్ ర్యాంకుతో పోల్చుకునే సగం మంది ఊరికే హడలిపోతారు. అమ్మాయిల కోటా వరస కూడా వేరే.

ఏర్పేడు గేటు: ఓబీసీ అయితే ఇంకోటి. రాష్ట్ర బీసీ పత్రం చెల్లదు, కేంద్రం నమూనాలోనే కావాలి, అదీ ఈ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత తీసుకున్నది. తేదీ చూసుకున్నావా?