తుఫాను శిబిరానికి హైస్కూలా, మిట్ట మీద పోరంబోకా?

సందేహం:
అందరికీ నమస్కారం. మాది నెల్లూరు జిల్లాలో సముద్రం దాపున ఉన్న పల్లె. కార్తీకం వానలు పడకముందే శిబిరం ఎక్కడో తేల్చుకోవాలి. హైస్కూలు దగ్గరే ఉంది, స్లాబు గట్టిదే, కానీ దారంతా రొయ్యల గుంటల మధ్య నుంచి. రెండు కిలోమీటర్ల అవతల మిట్ట మీద పోరంబోకు ఉంది, అక్కడైతే టెంట్లు వేయాలి. 400 మందిమి. ఏది మేలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు:
అన్నా, రెండూ కావాలి, కానీ ఒకే రోజుకు కాదు. తుఫాను గాలికి టెంటు నిలవదు, ఆ రాత్రికి స్కూలే. ఇళ్లు పడిపోయి వారాల తరబడి ఉండాల్సి వస్తే మిట్టకు మారండి, పిల్లలకు బడి కూడా తెరవాలి కదా.

ముందు స్కూలు దారి చూడండి. గుంటల కట్టలు పాత కాలవలకు అడ్డం పడితే నీళ్లు రోడ్డెక్కుతాయి. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు కోవూరు దగ్గర జాతీయ రహదారికే గండి పడింది, మన పల్లె రోడ్డు ఎంత? 1989 కావలి తుఫాను చూసిన పెద్దవాళ్లను వెంటబెట్టుకుని నడవండి. నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో వాళ్లు చెయ్యి పెట్టి చూపిస్తారు. ఉప్పెన భయం ఉంటే కింది అంతస్తును లెక్కలోకే తీసుకోవద్దు.

విపత్తు సహాయానికి ప్రపంచమంతా వాడే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి కప్పు కింద 3.5 చదరపు మీటర్లు ఉండాలి. 40 చదరపు మీటర్ల తరగతి గదిలో 11 మందే. ఒక్క రాత్రికి సర్దుకుంటాం, నెలకు కుదరదు. టెంట్ల శిబిరానికైతే దారులు, వంట, మరుగుదొడ్లు కలిపి మనిషికి 45 చదరపు మీటర్లు, అంటే మీకు సుమారు నాలుగున్నర ఎకరాలు. పోరంబోకు అంత ఉందా?

మరో జవాబు:
తమ్ముడూ, మరుగుదొడ్ల సంగతి చివరికి వదిలేయకండి. మొదట్లో 50 మందికి ఒకటి, తర్వాత 20 మందికి ఒకటి ఉండాలి. ఆడవాళ్లకు వేరుగా, లోపల గడియ, దారిలో లైటు. ఇవి లేకపోతే రాత్రి బయటికి వెళ్లాల్సి వస్తుందని మేము నీళ్లే తాగం, ఒంట్లో బాగాలేకపోయినా చెప్పుకోం. మరుగుదొడ్డి గొయ్యి బోరుకు కనీసం 30 మీటర్ల దూరంలో, దాని అడుగుభాగం భూగర్భ జలానికి కనీసం మీటరున్నర పైన ఉండాలి. మన తీరంలో నాలుగడుగులు తవ్వితే నీళ్లొచ్చే చోట్లు చాలా ఉన్నాయి, అక్కడ ఎత్తు దిమ్మె కట్టాల్సిందే.

ఇంకోటి, బర్రెలకు చోటు చూపండి. మా అత్త కట్టుకొయ్య దగ్గర గొడ్డును వదిలి రానని మొండికేసింది. ఆమె కోసం ఇంట్లో ముగ్గురం ఆగిపోయాం.

అడిగినవారు:
అక్కా, అన్నా, చాలా మేలు చేశారు. గొడ్ల సంగతి మాలో ఎవరికీ తట్టలేదు. రేపు పొద్దున్నే పెద్దవాళ్లతో స్కూలు దారి నడుస్తాం. మిట్ట మీద ఒక గొయ్యి తవ్వించి, నీళ్లు ఎంత లోతులో పడ్డాయో, ఉప్పగా ఉన్నాయో లేదో ఇక్కడే రాస్తాను.