ఎన్‌సీక్యూ ఆన్ చేశాక రిపోర్టులు తేరుకున్నాయి, బిల్లు సేవ్ మాత్రం కదలడం లేదు: మీ అనుభవాలు చెప్పండి

కౌంటర్_4:
మా దగ్గర ఒక పాత సర్వర్, 7200 ఆర్‌పీఎం సాటా డిస్కులు రెండు మిర్రర్‌లో (ఒకదానికొకటి నకలుగా) పెట్టి, వాటి మీద మైఎస్‌క్యూఎల్ డేటాబేస్. పొద్దున కౌంటర్లన్నీ ఒకేసారి తెరిస్తే స్టాక్ రిపోర్ట్ తిరుగుతూనే ఉండేది. మొన్న ఆదివారం బయాస్‌లో చూస్తే సాటా మోడ్ (డిస్క్‌తో మాట్లాడే పద్ధతి) పాత ఐడీఈలో ఉంది, కొన్నప్పటి నుంచీ అంతేనట. బ్యాకప్ తీసి ఏహెచ్‌సీఐకి మార్చాను, దాంతో ఎన్‌సీక్యూ (డిస్క్ తనకొచ్చిన పనుల వరస తనే మార్చుకునే సదుపాయం) ఆన్ అయింది. రిపోర్టుల్లో తేడా తెలిసిపోయింది, కానీ బిల్లు సేవ్ కొడితే పట్టే టైమ్ అంతే ఉంది. ఎందుకు?

పాత_సిస్‌అడ్మిన్:
తమ్ముడూ, పెళ్లి శుభలేఖలు పంచడం గుర్తు తెచ్చుకో. ముప్పై కార్డులు ఒకేసారి చేతిలో పెడితే ఏ వీధి ముందో ఏది తర్వాతో చూసుకుని ఒక చుట్టులో పంచేసి వస్తావు. ఒక్కో కార్డే ఇచ్చి, ఇది ఇచ్చి వచ్చాకే ఇంకోటి అంటే ప్రతిసారీ ఇంటికి రావాలి. ఎన్‌సీక్యూ చేసేది ఆ మొదటి పని, సాటాలో 32 కమాండ్ల వరకు డిస్క్ తన దగ్గర పెట్టుకుని, హెడ్ (చదివే, రాసే భాగం) ఎక్కడుందో ప్లాటర్ (తిరిగే పళ్లెం) ఎంత తిరిగిందో చూసుకుని వరస మార్చుకుంటుంది. 7200 డిస్క్ ఒక చుట్టు తిరగడానికి 8.3 మిల్లీసెకన్లు, కాబట్టి సగటున 4 మిల్లీసెకన్లు తిరిగే వరకు ఆగడానికే పోతాయి, హెడ్ కదలడం దీనికి అదనం. ఐడీఈ మోడ్‌లో ఈ క్యూ అసలు ఉండదు. పదిమంది రిపోర్టులు తీస్తే క్యూ నిండుతుంది, లాభం కనిపిస్తుంది. సేవ్ సంగతి వేరే, అది డీబీఏలు (డేటాబేస్ చూసుకునేవాళ్లు) చెప్పాలి.

నైట్‌షిఫ్ట్_వెబ్:
నా అనుభవం కాస్త తేడా. రాత్రి బ్యాకప్ నడిచేటప్పుడు వెబ్ పేజీలు కొన్ని హఠాత్తుగా ఆగిపోయేవి, సగటు చూస్తే బాగానే ఉండేది. డిస్క్ తనకు దగ్గరగా ఉన్న పనులే ముందు చేసుకుంటూ పోతే దూరంగా ఉన్న రిక్వెస్ట్ వెనకపడిపోతుంది, పైగా ఒకసారి డిస్క్‌లోకి వెళ్లిన కమాండ్ వరసను లినక్స్ షెడ్యూలర్ (డిస్క్‌కి పనులు వరసలో పంపే భాగం) మార్చలేదు. డిస్క్‌కి ఒకేసారి ఎన్ని కమాండ్లు పంపాలో చెప్పే క్యూ_డెప్త్ ఫైల్‌లో 31 తీసి 4 పెట్టాను, షెడ్యూలర్‌గా ఏ రిక్వెస్టూ మరీ ఆలస్యం కాకుండా చూసే ఎంక్యూ-డెడ్‌లైన్ పెట్టాను. బ్యాకప్ కొంచెం నెమ్మదించింది, పేజీలు ఆగడం పోయింది. ఎక్కువ క్యూ ఎప్పుడూ మంచిదే అనుకోకండి.

డీబీఏ_బెజవాడ:
బిల్లు సేవ్ అంటే కమిట్, అంటే మార్పును డేటాబేస్ ఖాయం చేయడం. కమిట్ అయ్యేటప్పుడు లాగ్ (మార్పుల చిట్టా) డిస్క్ మీదకి చేరిందని ఎఫ్‌సింక్ (డిస్క్ మీద నిజంగా రాయమనే ఆదేశం) నుంచి జవాబు వచ్చేదాకా ఆ కనెక్షన్ ముందుకు పోదు. అంటే క్యూలో ఉన్నది ఒకే ఒక్క కార్డు, వరస మార్చడానికి ఏముంటుంది? ఐవోస్టాట్‌లో (డిస్క్ పని ఎలా ఉందో చూపే టూల్) క్యూ సైజ్ కాలమ్ చూడండి, సేవ్ టైమ్‌లో ఒకటి దాటకపోతే అదే కారణం. ఇంకో మాట, బిల్లులో ఒక్కో లైన్‌కీ ఒక్కో కమిట్ పడుతుందేమో మీ అప్లికేషన్‌లో చూశారా?

కౌంటర్_4:
మేడమ్, డేటాబేస్‌కి వచ్చే ప్రతి ఆదేశాన్నీ రాసే జనరల్ లాగ్ పది నిమిషాలు ఆన్ చేసి చూశాను. ఆటోకమిట్ (ప్రతి ఆదేశం తర్వాత దానంతటదే కమిట్) ఆన్‌లో ఉంది. ఇరవై రెండు ఐటెమ్‌ల బిల్లుకి ఇరవై రెండు ఇన్సర్ట్‌లు, స్టాక్ తగ్గించే అప్‌డేట్‌లు ఇంకో ఇరవై రెండు, దేనికది విడిగా కమిట్! ఫ్లష్ సెట్టింగ్ (లాగ్‌ని డిస్క్ మీదకి ఎప్పుడు చేర్చాలో చెప్పేది) 1 నుంచి 2కి మార్చమని ఆఫీసులో ఒకరు అంటున్నారు.

డీబీఏ_బెజవాడ:
దయచేసి మార్చకండి. 2 పెడితే కరెంట్ పోయినప్పుడు చివరి సెకను పాటి కమిట్‌లు పోవచ్చు, కస్టమర్ చేతిలో ప్రింట్ ఉంటుంది, మీ దగ్గర బిల్లు ఉండదు. మొత్తం బిల్లుని ఒకే ట్రాన్సాక్షన్‌లో పెట్టండి, అప్పుడు అన్నిటికీ కలిపి ఒకే కమిట్. స్టాక్ వరసలు ఎప్పుడూ ఐటెమ్ నంబర్ క్రమంలోనే అప్‌డేట్ చేయించండి, లేకపోతే రెండు కౌంటర్ల మధ్య డెడ్‌లాక్‌లు (ఒకరి కోసం ఒకరు ఆగి ఇద్దరూ ఇరుక్కోవడం) మొదలవుతాయి.

పాత_సిస్‌అడ్మిన్:
డిస్క్ వేగం కొలిచే ఎఫ్‌ఐవో టూల్‌తో కొలిచేటప్పుడు కూడా క్యూ విషయంలో ఇదే జాగ్రత్త. అందరూ ఐవోడెప్త్ (ఒకేసారి పంపే కమాండ్ల సంఖ్య) 32 పెట్టి వచ్చిన నంబర్ చూసి సంతోషపడతారు. సేవ్ ఎలా ఉంటుందో తెలియాలంటే డెప్త్ 1, ప్రతి రైట్‌కీ ఎఫ్‌సింక్ పెట్టి కొలవాలి.

కౌంటర్_4:
ఈరోజు బిల్లు మొత్తం ఒకే ట్రాన్సాక్షన్ అయ్యేలా మార్చాం. సేవ్ కొట్టగానే ప్రింటర్ కదులుతోంది, కౌంటర్‌లో అమ్మాయి రెండోసారి నొక్కడం మానేసింది. ఎన్‌సీక్యూ అలాగే ఉంచాను. రాత్రి బ్యాకప్ టైమ్‌లో డెప్త్ తగ్గించి చూసి మళ్లీ రాస్తాను.