చెకోస్లోవేకియా అధ్యక్షుడు బెనెష్ రెండో ప్రపంచ యుద్ధంలో లండన్‌లో ఉండగానే తన దేశంలోని జర్మన్లను పంపించేద్దామని నిర్ణయించుకున్నాడా?

పాతపేపర్: 1945-46లో చెకోస్లోవేకియా దాదాపు 30 లక్షల మంది జర్మన్లను వెళ్లగొట్టింది. జనం ఆవేశంలో చేశారని అందరూ తేల్చేస్తారు. నిజానికి బెనెష్ ప్రవాస ప్రభుత్వం లండన్‌లో కూర్చుని ముందే రంగం సిద్ధం చేసింది. 1942 జులైలో బ్రిటిష్ యుద్ధ మంత్రివర్గం సూత్రప్రాయంగా ఒప్పుకుంది. 1943 డిసెంబరులో బెనెష్ మాస్కో వెళ్లి స్టాలిన్ చేత కూడా సరే అనిపించుకున్నాడు.

గట్టుమీదోడు: 1942 జులైకి ముందు జూన్ 10 వచ్చింది మాస్టారూ. ఆ రోజు లిదిత్సే అనే చెక్ ఊళ్లో నాజీలు మగాళ్లను వరసగా నిలబెట్టి కాల్చేశారు, తర్వాత ఊరినే చదును చేశారు. అయినా 1935 ఎన్నికల్లో అక్కడి జర్మన్లు మూడింట రెండొంతులు తర్వాత హిట్లర్‌తో చేతులు కలిపిన హెన్లైన్ పార్టీకి ఓటేసినవాళ్లే.

పాతపేపర్: లిదిత్సే కారణమైతే, 1938 సెప్టెంబరులోనే బెనెష్ తన మంత్రి నేచస్‌ను రహస్యంగా పారిస్ ఎందుకు పంపాడు? కొంత భూమి వదులుకుంటాం, దాంతోపాటు 15-20 లక్షల జర్మన్లను కూడా తీసుకెళ్లండని!

గట్టుమీదోడు: భూమి ఇచ్చి పంపడం వేరు, తరమడం వేరు. అది ఒప్పుకోండి ముందు.

రైలుకట్ట: బ్ర్నో నగరం నుంచి జర్మన్లను నడిపించి తరిమింది 1945 మే ఆఖర్లో, వాళ్ల తరలింపుకు మిత్రరాజ్యాలు ఒప్పుకున్న పోట్స్‌డామ్ ఒప్పందం ఆగస్టులో. తేదీలు చూసుకోండి ఇద్దరూ.

పాతపేపర్: వెంజెల్ యాక్ష్ సంగతేంటి? చెకోస్లోవేకియాలోని జర్మన్ సోషల్ డెమోక్రాట్ నాయకుడు, హిట్లర్‌ను ఎదిరించి లండన్‌కే వచ్చాడు. ఇలా చేయొద్దని మొత్తుకున్నాడు. మా తాత 1942లో రంగూన్ నుంచి నడిచొచ్చాడు. కోరంగీ, అంటే బర్మావాళ్ల మాటలో తెలుగువాడు, కావడమే ఆయన నేరం.

గట్టుమీదోడు: మీ తాతగారు ప్రతి చర్చలోనూ వస్తారు. జపాన్ బాంబులకు పారిపోయారు, ఏ ప్రభుత్వమూ గెంటలేదు.

పాతపేపర్: 1930లో రంగూన్ రేవులో తెలుగు కూలీలను నరికింది జపానోళ్లా? నోరు అదుపులో పెట్టుకోండి!

రైలుకట్ట: అయ్యా, శాంతం.

గట్టుమీదోడు: సరే, తేదీలు వదిలేయండి. ఇంట్లోకి శత్రువును పిలిచినవాడితో మళ్లీ అదే వీధిలో బతకమని చెక్ జనానికి చెప్పడానికి మీరెవరు? నా గొడవ అదొక్కటే.

పాతపేపర్: నా గొడవా అదే. పిలిచినవాడెవడో విచారించారా? 1946లో 50 కిలోల మూటతో రైలెక్కిన పిల్ల ఎవరికి ఓటేసింది? జర్మన్లని గుర్తుపట్టేలా చేతికి తెల్ల పట్టీ కట్టించారు. ‘న్యాయమైన ప్రతీకారం’ అయితే నేరం కాదని 1946 మేలో చట్టం కూడా చేసుకున్నారు.

రైలుకట్ట: జర్మన్ల పౌరసత్వం తీసేసిన 1945 ఆగస్టు 2 డిక్రీలోనే నాజీలను ఎదిరించినవాళ్లది ఉంచారుగా?

పాతపేపర్: రుజువు చేసుకోవాల్సింది వాళ్లే. వాళ్లలోనూ చాలామంది ఉండలేక వెళ్లిపోయారు.

గట్టుమీదోడు: రుజువు అడగకుండా ఉండాల్సిందా? లిదిత్సే నుంచి క్యాంపుకు పోయి బతికొచ్చిన ఆడవాళ్లకు చెప్పండి ఆ మాట.