అప్‌డేట్: డ్రమ్మర్ లేకుండా చేసిన డ్రమ్స్‌కి ప్రాణం వచ్చింది

ఇంట్లో రికార్డ్ చేసుకున్న పాటకి సాఫ్ట్‌వేర్‌లో డ్రమ్స్ వేస్తే మిషన్ కొట్టినట్టు ఉందని, ఏం చేయాలో చెప్పమని అడిగాను కదా. మీరు చెప్పినవి పట్టుకుని రెండు వారాలు కూర్చున్నాను.

అసలు తప్పు వెలాసిటీ (దెబ్బ ఎంత గట్టిగా పడాలో చెప్పే అంకె) దగ్గర. మిడిలో (MIDI, ఏ నోటు ఎలా మోగాలో సాఫ్ట్‌వేర్‌కి చెప్పే పద్ధతి) అది 127 దాకా ఉంటుంది, నేను హైహ్యాట్ (జంట సింబల్స్) దెబ్బలన్నీ 100 దగ్గరే పెట్టేశాను. ఇప్పుడు బీట్ మీద పడేవి 95కి, మధ్యలో పడేవి 60–70కి మార్చాను. అంతే, నిజంగా ఒక చెయ్యి ఊగుతున్నట్టు వినిపించింది! స్నేర్ డ్రమ్ దెబ్బల మధ్య 25–30 వెలాసిటీలో గోస్ట్ నోట్స్ (వినీ వినపడనట్టుండే మెల్లని దెబ్బలు) కలిపాక చరణం నడక ఎంత బాగా కుదిరిందో.

డ్రమ్మర్‌కి ఉన్నవి రెండు చేతులే అని ఒకరు గుర్తుచేశారు. చూస్తే, నా ఫిల్‌లో (పాట భాగాల మధ్య వచ్చే చిన్న డ్రమ్స్ ముక్క) టామ్ డ్రమ్, స్నేర్ కలిసి పడుతున్న చోటే హైహ్యాట్ మీద కర్ర దెబ్బ కూడా ఉంది. ఆ ఒక్కటి తీసేశాను, ఫిల్ తేటపడింది.

దెబ్బల్ని కావాలనే కాస్త ముందు వెనకలు చేసే హ్యూమనైజ్ బటన్ మాత్రం నాకు నచ్చలేదు. కిక్‌ని (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) కూడా అటూ ఇటూ జరిపేసరికి బేస్ గిటార్‌తో పొసగలేదు. కిక్‌ని గ్రిడ్ మీదే (సాఫ్ట్‌వేర్‌లో తాళం గీతల మీదే) ఉంచి, స్నేర్ ఒక్కటే 8 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడేలా జరిపాను. పాట కాస్త నిదానించినట్టు అనిపించి, హాయిగా ఉంది.

క్రాష్ సింబల్ సంగతి ఇంకా తేలలేదు. ప్రతిసారీ అదే శాంపిల్ మోగుతోంది. ఒకే దెబ్బకి నాలుగైదు శాంపిల్స్ మార్చి మార్చి వాడే రౌండ్ రాబిన్ కిట్ కోసం చూస్తున్నాను.