నగరంలో ఉన్నది ప్రకృతేనా, మనం అమర్చుకున్న పచ్చదనమా?

ప్రశ్న

సియోల్ నగరం నడిబొడ్డున పారే చియాంగ్‌గేచాన్ వాగు గురించి ఈమధ్య చదివినప్పటి నుంచి ఒక సందేహం నన్ను వదలడం లేదు. 1950ల చివర్లో ఆ వాగును కాంక్రీటుతో కప్పడం మొదలుపెట్టి, తర్వాత దాని మీదుగా ఎత్తైన రహదారి కట్టారు. 2003లో ఆ రహదారిని కూల్చడం ప్రారంభించి, 2005 నాటికి సుమారు 6 కిలోమీటర్ల మేర వాగును మళ్లీ బయటికి తెచ్చారు. ఇంతవరకు ముచ్చటగానే ఉంది. అయితే అందులో పారే నీటిలో అధిక భాగాన్ని హాన్ నది నుంచి పంపులతో తోడి తెచ్చి వదులుతున్నారు. మోటార్లు ఆపితే చిక్కిపోయే వాగును ప్రకృతి అనవచ్చునా? న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్కు సంగతీ ఇంతే. 843 ఎకరాల ఆ ఉద్యానంలో సహజమైన సరస్సులుగా కనిపించేవన్నీ మనుషులు మలిచినవే. నగరమూ ప్రకృతీ పెనవేసుకుపోయాయని తరచూ చదువుతుంటాం. నిజంగా పెనవేసుకున్నాయా, లేక నగరం తనకు నచ్చినంత మేరకే పచ్చదనాన్ని ఉండనిస్తోందా? ఈ రంగంతో పరిచయం ఉన్నవారు వివరించగలరు.

జవాబు 1

ఎవరు ఏర్పాటు చేశారన్నది మీరు గీటురాయిగా తీసుకున్నారు. ఏర్పాటు చేశాక అక్కడ ఏం జరుగుతోందన్నది నాకు ముఖ్యంగా తోస్తుంది. సెంట్రల్ పార్కు సరస్సులు తవ్వినవే కావచ్చు గానీ, అట్లాంటిక్ తీరం వెంబడి వలస వెళ్లే పక్షులకు ఆ తేడాతో పని లేదు. భవనాల మధ్య చెట్లు కనిపించిన చోట దిగి, పురుగులను తిని, సత్తువ పుంజుకుని ముందుకు సాగుతాయి. అక్కడ 200కు పైగా పక్షి జాతులు నమోదయ్యాయి.

సింగపూర్ ఉదాహరణ ఇంకా స్పష్టంగా ఉంటుంది. బిషాన్ పార్కు పక్కన కల్లాంగ్ నది తిన్నని కాంక్రీటు కాలువగా ఉండేది. ఆ గోడలను తీసివేసి, నదిని వంపులతో, మట్టిగట్లతో, గడ్డితో పార్కులోకి మళ్లించే పని 2012లో పూర్తయింది. వాన ఎక్కువైనప్పుడు నీరు గడ్డి మైదానం మీదికి పరుచుకుంటుంది, తగ్గాక వెనక్కి వెళుతుంది. అంటే వరదను అడ్డుకునే బదులు దానికి చోటు విడిచిపెట్టారు. ఆ తర్వాత అక్కడ నీటికుక్కలు కనిపించసాగాయి. నదిని మలిచింది ఇంజనీర్లే అయినా, నీటికుక్కలను ఎవరూ తెచ్చి వదలలేదు.

జవాబు 2

చర్చ అంతా కంటికి కనిపించే పచ్చదనం చుట్టూనే తిరుగుతోంది. నగరం అనుమతించినా అనుమతించకపోయినా ప్రకృతి చేసే పనులు ఉన్నాయి, వాటిలో మొదటిది వేడి. 19వ శతాబ్దం తొలి దశాబ్దాల్లోనే ల్యూక్ హోవార్డ్ అనే ఆయన లండన్ ఉష్ణోగ్రతలను చుట్టుపక్కల పల్లెప్రాంతాలతో పోల్చి, రాత్రివేళ నగరం సగటున సుమారు 2 డిగ్రీల సెల్సియస్ ఎక్కువ వేడిగా ఉంటోందని గమనించాడు. పగలు ఎండను పీల్చుకున్న రాయి, ఇటుక, తారు ఆ వేడిని రాత్రంతా నెమ్మదిగా వదులుతుంటాయి. చెట్టు చేసే ఉపకారం నీడతో ఆగదు. వేళ్లతో తీసుకున్న నీటిని ఆకుల ద్వారా ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరికి కావలసిన వేడి చుట్టూ ఉన్న గాలి నుంచే పోతుంది.

ఇక్కడే మన అమరిక బోల్తా పడుతుంది. నేలలో నీరు లేకపోతే చెట్టు ఆకుల రంధ్రాలను మూసుకుంటుంది, చల్లదనం తగ్గిపోతుంది. కాండం చుట్టూ సిమెంటు పోసి, తొక్కితొక్కి గట్టిపడిన మట్టిలో మొక్కను నాటి, నిలదొక్కుకుంటున్న సమయంలో కేబుళ్ల కోసం తవ్వి వేళ్లను నరికి, పెనుగాలికి ఆ చెట్టు కూలినప్పుడు గాలిని తప్పుపట్టడం చాలా నగరాల్లో జరిగేదే. చెట్ల వేళ్లు చాలావరకు పైపొరల్లోనే, కొమ్మల విస్తీర్ణాన్ని దాటి పరుచుకుంటాయి. కాబట్టి నగరంలో చెట్టు బతుకును తేల్చేది కాలిబాట కింద ఉన్న మట్టి, ఆ మట్టి గురించి ముందుగా అడగవలసింది ఉద్యాన శాఖను కాదు, రోడ్లు వేసేవారిని.

జవాబు 3

పై ఇద్దరితోనూ కొంత విభేదిస్తాను. పక్షులు వచ్చాయి కాబట్టి ప్రకృతి ఉన్నట్టే అనుకుంటే, రానివాటిని లెక్కలోంచి తీసేసినట్టవుతుంది. పావురాల పూర్వజాతి కొండచరియల్లో గూళ్లు కట్టుకునేది. ఎత్తైన భవనాల అంచులు వాటికి చరియలతో సమానమే, అందుకే నగరంలో ఇమిడిపోయాయి. పెరెగ్రిన్ డేగ ఆకాశహర్మ్యాల మీద గూడు పెట్టడానికీ కారణం అదే. నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో గ్రేట్ టిట్ అనే చిన్న పక్షులు, వాహనాల రొద ఎక్కువగా ఉన్న చోట హెచ్చు శ్రుతిలో, అంటే మరింత సన్నని గొంతుతో, కూస్తున్నాయని 2003లో పరిశోధకులు ప్రకటించారు. తక్కువ శ్రుతి స్వరాలు ఆ రొదలో మునిగిపోతాయి మరి. శ్రుతిని పెంచుకోలేని జాతుల మాటేమిటి? అవి నగరాన్ని విడిచిపోతాయి, వాటిని గురించి ఎవరూ వ్యాసం రాయరు.

మరొక మాట. సెంట్రల్ పార్కు కోసం 1857లో సెనెకా విలేజ్ అనే బస్తీని ఖాళీ చేయించారు. అక్కడి నివాసుల్లో అత్యధికులు నల్లజాతివారు. పచ్చదనం ఎవరి చోటులో మొలిచిందన్న ప్రశ్న కూడా ఈ చర్చలోదే.

ప్రశ్న అడిగినవారి స్పందన

ధన్యవాదాలు. మట్టి గురించి చెప్పినది నేను ఊహించని కోణం. అయితే, మనిషి పూనుకోకుండా నగరంలో ప్రకృతి తనంతట తాను నిలిచిన చోటు ఎక్కడైనా ఉందా?

జవాబు 4

బెర్లిన్‌లోని జ్యూడ్‌గెలెండే చూడండి. అది 1952లో పని ఆగిపోయిన రైల్వే యార్డు. దశాబ్దాల పాటు పట్టించుకునేవారు లేక పట్టాల మధ్య బర్చ్ చెట్లతో పాటు ఉత్తర అమెరికా నుంచి వచ్చిన రొబీనియా చెట్లు కూడా పెరిగి అడవి అయింది. స్థానికులు పోరాడి దాన్ని కాపాడుకున్నాక 2000లో సందర్శకులకు తెరిచారు. కానీ మీకు నచ్చని విషయం ఇక్కడా ఉంది. పూర్తిగా వదిలేస్తే అడవి మొత్తం కమ్ముకుని, ఎండను కోరే గడ్డిజాతులూ పురుగులూ మాయమవుతాయి కాబట్టి, కొన్ని భాగాల్లో మొలకలను తొలగిస్తూ గడ్డినేలను గడ్డినేలగానే ఉంచుతున్నారు.