త్రీ-రింగ్ రైజర్: ఒకవైపు లూప్ పొడుగ్గా ఉంది, వాడొచ్చా?

కొత్తపట్నం_కుర్రోడు
స్కైడైవింగ్‌కి సెకండ్ హ్యాండ్ రిగ్ (పారాచూట్ సెట్టు) కొన్నా. మెయిన్ పారాచూట్‌ని వదిలించుకునే మూడు రింగుల అమరిక మినీ సైజుది (మినీ త్రీ-రింగ్), పారాచూట్‌ని ఒంటి పట్టీలకి (హార్నెస్‌కి) కలిపే రైజర్లు అంగుళం పట్టీవి. ఎడమవైపు చిన్న రింగుని పట్టి ఉంచే తెల్ల లూప్ కుడిదానికన్నా రెండు మూడు మిల్లీమీటర్లు ఎక్కువ. ఒంగోల్లో సీటు కవర్లు కుట్టే ఆయన మందపాటి దారంతో మళ్ళీ కుడతానంటున్నాడు. ఎంత తేడా దాకా పర్లేదన్నా?

పెన్నా_రిగ్గర్
ఆయన దగ్గరికి మాత్రం పోవద్దు తమ్ముడూ. పట్టీ మీద లోడు పెద్ద రింగు నుంచి మధ్య రింగుకి, దాన్నుంచి చిన్న రింగుకి దిగుతూ ప్రతి మెట్టులోనూ తగ్గిపోతుంది. చివరికి లూప్ మీద పడేది చాలా కొంచెం, అందుకే లూప్‌లో దూర్చిన కేబుల్ హ్యాండిల్ పట్టి చేత్తో లాగితే జారి వస్తుంది. లూప్ పొడుగైతే చిన్న రింగు లేచి వాలు మారిపోద్ది. లూప్ మీద బరువు పెరుగుద్ది, రాపిడి పెరిగి హ్యాండిల్ గట్టిపడుద్ది. మరీ పొట్టిగా ఉంటే కేబుల్‌ని గ్రోమెట్‌లోకి (పట్టీ కన్నానికి వేసిన లోహపు అంచులోకి) వంచేస్తది, అదీ అంతే. కాబట్టి 'ఇంత తేడా పర్లేదు' అని ఫోరంలో ఎవరు చెప్పినా నమ్మొద్దు. కొలత తయారీదారు డ్రాయింగ్‌దే. రింగులు తగిలించి చూడు: మూడూ ఒకదానిమీద ఒకటి సమాంతరంగా పడుకోవాలి. తేడా ఉంటే రెండు రైజర్లూ మార్చెయ్. పాత మినీ రైజర్లు లోడు పట్టీకి గ్రోమెట్ కన్నం వేసినచోటే తెగేవి, ఆ చోట అంచులు కూడా తడిమి చూసుకో.

కావలి_జంపర్
ఇంకో రెండు మాటలు. లూప్ చిన్న రింగులో మాత్రమే దూరాలి, మధ్య రింగుని కూడా కలిపి పట్టుకుంటే సరిగ్గా విడవకపోవచ్చు. రింగు సైజులు కలపడం కూడా ప్రమాదమే: హార్నెస్‌కి పెద్ద సైజు రింగుండి రైజర్ మినీ అయితే వాడొద్దు. కేబుల్ కొన నలిగినా, పూత ఊడి తీగ కనిపించినా లూప్‌లో తగులుకుంటుంది. ఆర్ఎస్ఎల్ (మెయిన్ విడిపోగానే రిజర్వ్ పారాచూట్‌ని తెరిచే పట్టీ) ఉన్న వైపు కేబుల్ కాస్త పొడుగుండాలి, అవతలి రైజర్ ముందు విడవాలి కదా. లేదంటే ఒక రైజర్ ఇంకా పట్టుకుని ఉండగానే రిజర్వ్ తెరుచుకుంటుంది. పారాచూట్ తాళ్ళు (లైన్లు) మెలిపడితే రైజర్ కేబుల్‌ని నొక్కేస్తుంది, మీ రైజర్లలో కేబుల్ దూరే గట్టి గొట్టం (హౌసింగ్) ఉందో లేదో చూసుకోండి.

కొత్తపట్నం_కుర్రోడు
సరే, పారాచూట్లు బాగుచేసే రిగ్గర్‌కే ఇస్తాను. బీచ్ ఇసుకలో దిగితే ఏం చెయ్యాలి?

పెన్నా_రిగ్గర్
ఇసుక దులుపు. ఉప్పునీళ్ళు తగిలితే అదే రోజు మంచినీళ్ళతో కడిగి నీడలో ఆరబెట్టు, ఎండ నైలాన్‌ని తినేస్తది. మే నెలలో కారు డిక్కీలో అసలొదిలెయ్యొద్దు. నెలకోసారి కేబుల్ తీసి రింగులు విప్పు, రింగుల దగ్గర పట్టీని చేత్తో అటూ ఇటూ వంచి మెత్తబరుచు, ముడతలు అలవాటైపోయిన పట్టీ విడవడానికి మొండికేస్తది. కేబుల్‌ని సిలికాన్ కొంచెం రాసిన గుడ్డతో తుడువు. కొబ్బరినూనె, మిషను ఆయిలు మాత్రం వద్దు, ఇసుక దానికే అతుక్కుంటది.