యార్క్‌లో ఒక్కరోజు: టికెట్ కొని మిన్‌స్టర్ చూడాలా, గోడెక్కితే సరిపోతుందా?

లీడ్స్_స్టూడెంట్:
అమ్మానాన్నలు విజయవాడ నుంచి వచ్చారు. శనివారం యార్క్ తీసుకెళ్దామనుకుంటున్నా. నాన్న రైల్వేలో చేసి రిటైరయ్యారు, అమ్మకి మోకాళ్ళ నొప్పులు. మిన్‌స్టర్ టికెట్ ముగ్గురికీ కలిపి బాగానే అవుతోంది. "అంత పెద్ద చర్చి బయట్నుంచి కనిపిస్తూనే ఉంటుంది, లోపలికెందుకు? ఊరి గోడ మీద నడవండి, ఫ్రీ" అంటున్నాడు రూమ్మేట్. టికెట్ డబ్బు దండగేనా?

గోదారి_గట్టు:
మీ రూమ్మేట్‌కి నా ఓటు. గోడ మొత్తం దాదాపు 3.4 కిలోమీటర్లు. అంతా తిరగక్కర్లేదు, బూతమ్ బార్ అనే కోటగుమ్మం దగ్గర ఎక్కి మంక్ బార్ దగ్గర దిగండి. మిన్‌స్టర్ అక్కణ్ణుంచి కనిపించినంత బాగా ఇంకెక్కణ్ణుంచీ కనిపించదు. 1800లో ఈ గోడ కూల్చేస్తామని ఊరి పాలకులే పార్లమెంటు దాకా వెళ్ళారు. జనం అడ్డం పడబట్టి ఈమాత్రం మిగిలింది. దీన్ని వదిలేసి టికెట్ క్యూలో నిలబడమంటారా?

పాత_రాళ్ళు:
గట్టు గారూ, మీరు చెప్పేది ఫొటో తీసుకునేవాళ్ళకి. ఆ చర్చిలో అసలు సరుకంతా లోపలే ఉంది.

తూర్పు వైపు పెద్ద కిటికీ ఒక్కటి చాలు. 1405లో జాన్ థార్న్‌టన్ అనే ఆయనకి పని అప్పజెప్పారు, 1408కల్లా పూర్తి చేశాడు. టెన్నిస్ కోర్టంత రంగుటద్దాల కిటికీ. పై వరసల్లో బైబిల్ సృష్టి కథ, కింద ప్రపంచం అంతమయ్యే కథ. బయట్నుంచి చూస్తే నల్లటి గాజు, సీసం గీతలు, అంతే. లోపల నిలబడితేనే నీలం, ఎరుపు వెలుగుతాయి. చిన్న బైనాక్యులర్ పట్టుకెళ్ళండి, పై బొమ్మల్లో మొహాలు కూడా తెలుస్తాయి.

తర్వాత నేలమాళిగకి దిగండి. 1967లో మధ్య గోపురం పునాదులు దెబ్బతిన్నాయని తేలి, నిలబెట్టడానికి తవ్వితే రోమన్ సైన్యం ప్రధాన కార్యాలయం గోడలు బయటపడ్డాయి. 306లో కాన్‌స్టంటైన్‌ని సైనికులు చక్రవర్తిగా ప్రకటించింది ఈ ఊళ్ళోనే. బయట ఆయన విగ్రహంతో సెల్ఫీ దిగేవాళ్ళలో సగం మంది కింద ఆ గోడలున్నాయని తెలియకుండానే వెళ్ళిపోతారు.

మజ్జిగ_మిరప:
గాజు పలకలకి అంత డబ్బా! సాయంత్రం ప్రార్థనకి టికెట్ ఉండదు. వెళ్ళి కూర్చోండి, పాట వినండి, కిటికీ చూడండి, రండి.

పాత_రాళ్ళు:
ప్రార్థనకి అందరూ రావచ్చు, నిజమే. కానీ అక్కడ కూర్చోవాలి, తల పైకెత్తి తిరగడం కుదరదు. నేలమాళిగ కూడా చూడలేరు. తిరుమలలో మూడొందల టికెట్ కొన్నప్పుడు రాని బాధ ఇక్కడెందుకో!

మజ్జిగ_మిరప:
అది దర్శనం, ఇది టూరు. రెంటికీ పోలికేంటండీ? ఇంతకీ షాంబుల్స్ వీధి ఒక్కరూ ఎత్తరేం?

గోదారి_గట్టు:
ఒకప్పటి మాంసం అంగళ్ళ వీధి. ఇళ్ళు ముందుకి వంగి ఉంటాయి, మాంసం వేలాడదీసిన కొక్కేలు కొన్ని ఇంకా ఉన్నాయి. ఇప్పుడు మంత్రదండాలు అమ్మే కొట్లు, భుజాలు రాసుకునే జనం. పది నిమిషాలు చాలు.

లోకో_మామ:
బాబూ, మీ నాన్నగారి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. స్టేషన్ వెనకే నేషనల్ రైల్వే మ్యూజియం ఉంది, ప్రవేశం ఉచితం. 1938లో గంటకి 126 మైళ్ళు పరుగెత్తిన మాలార్డ్ అక్కడే ఉంది, ఆవిరి ఇంజన్లలో రికార్డు ఇప్పటికీ దానిదే. అందరూ దాని దగ్గరే ఫొటో దిగుతారు. మీరు మాత్రం నిలువునా కోసి పెట్టిన ఇంజన్ దగ్గరికి ఆయన్ని తీసుకెళ్ళండి. బాయిలర్ లోపలి గొట్టాలు, సిలిండర్ అన్నీ కనిపిస్తాయి. రైల్వే మనిషి అక్కణ్ణుంచి గంటదాకా కదలడు. బల్లలున్నాయి, అమ్మగారు కూర్చోవచ్చు. గోడకైతే మెట్లు నిటారు, లోపలి వైపు చాలాచోట్ల రెయిలింగ్ ఉండదు. మోకాళ్ళ నొప్పులున్న మనిషిని దాని మీదికి ఎక్కించకండి.

నిదానం:
క్లిఫర్డ్స్ టవర్ ఒక్కరూ చెప్పలేదేం? 1190 మార్చిలో ఊళ్ళో యూదుల మీద గుంపు తెగబడితే వాళ్ళు ఈ టవర్ ఉన్న దిబ్బ మీది కోటలో తలదాచుకున్నారు. దాదాపు 150 మంది చనిపోయారు, చాలామంది తమ చేతులతోనే ప్రాణాలు తీసుకున్నారు. అప్పటి కట్టడం చెక్కది, కాలిపోయింది. ఇప్పుడున్న రాతి బురుజు తర్వాతి శతాబ్దపుది. దాడి చేసినవాళ్ళలో యూదుల దగ్గర అప్పు తీసుకున్నవాళ్ళున్నారు. మారణకాండ అయ్యాక నేరుగా మిన్‌స్టర్‌కి వెళ్ళి, అక్కడ దాచిన అప్పు పత్రాలు తగలబెట్టారు. కిటికీ అందం గురించి ఇంత రాసినవాళ్ళు ఈ ముక్క కూడా చెప్పాల్సింది. దిబ్బ కింద స్మారక ఫలకం ఉంది, దానికి టికెట్ అక్కర్లేదు, మెట్లూ ఎక్కక్కర్లేదు.

పాత_రాళ్ళు:
ఆ పత్రాల సంగతి నిజమే. అందుకే రెండూ చూడమంటాను.

లీడ్స్_స్టూడెంట్:
పొద్దున మ్యూజియం, మధ్యాహ్నం మిన్‌స్టర్, టైముంటే టవర్ కింద ఫలకం. గోడ మీదికి నేనొక్కణ్ణే ఇంకోసారి వెళ్తా. శనివారం వాన ఉందంటున్నారు, ఆదివారానికి మార్చనా?

లోకో_మామ:
మార్చుకోవచ్చు. ఆదివారం పొద్దున ప్రార్థనలుంటాయి, చూడ్డానికి వచ్చేవాళ్ళని మధ్యాహ్నం దాకా లోపలికి రానివ్వరు. మీ ప్లాన్‌కి అదేం అడ్డం కాదు.

గోదారి_గట్టు:
గోడని మాత్రం గాలికొదిలేశారన్నమాట.